గ దగ్గర ఆగిన ఆపా పుస్తకం

ఆపా పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "సార్, ఆపా లేస్తలేదు సార్," అన్నాడు ముందు. వెనక ఆడవాళ్ల ఏడుపు వినబడింది. "పొద్దుగాల నమాజుకు లేపుదామని పోయిన. చెయ్యి సల్లగున్నది," అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇలా రాస్తే బాగుండదని తెలుసు, కానీ జరిగింది అదే. ఇంకో వారం ఆగితే ఏం పోయేది ఆమెకు? మేం కలిసి చేస్తున్న పుస్తకంలో ఒకే ఒక్క పేజీ మిగిలింది. దాని మీద మా ఇద్దరి పోట్లాట తెగలేదు. నాకు జవాబు చెప్పాల్సిన మనిషి చెప్పకుండా వెళ్లిపోయింది. గోడ వైపు చూసి "గిదేం పద్ధతి ఆపా" అని పైకే అన్నాను. ఆ తర్వాత గడపలోనే కూర్చుండిపోయాను.

చదివే మీకు ఆమె తెలియదు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. గోదావరిఖనిలో ఓపెన్ కాస్టు గనిని ఆనుకుని ఉన్న ఒక బస్తీలో మా సర్కారు బడి ఉంది. భూమి లోపలికి దిగే గని కాదది. పైనుంచి నేలనంతా తవ్వుకుంటూ పోయి బొగ్గు తీసే గని, ఇక్కడివాళ్లు ఓసీపీ అంటారు. ఆ బడిలో ఆమె ఒకటో తరగతి టీచరు. ఇంట్లో దక్కనీ మాట్లాడుకునే కుటుంబం. తమ్ముడికి బొగ్గు లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే తీరిక లేదన్నట్టు "ఫుర్సత్ దొరకలే" అని నవ్వేది. ఇంట్లో తెలుగు మాట వినబడని ఆ మనిషి బస్తీలో రెండు తరాలకు తెలుగు అక్షరాలు దిద్దించింది. ఆపా, అంటే అక్కా అని తమ్ముడు పిలిచే పిలుపే బస్తీ అంతటికీ అలవాటైంది. పిల్లలు ఆపా అనేవాళ్లు, పిల్లల తల్లులూ ఆపా అనేవాళ్లు. చివరికి తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు కూడా పొరపాటున ఆపా అనేసి నాలిక కరుచుకునేవాళ్లు.

నేను మూడో తరగతి చెప్తాను. బొమ్మలు గీయడం వచ్చు. అదే నా పాలిట శాపమైంది.

పుస్తకం సంగతి ఇలా మొదలైంది. ఒకరోజు ఆమె ఒకటో తరగతిలో 'ఓ' అనే అక్షరం చెబుతోంది. పుస్తకంలో ఓడ బొమ్మ ఉంది. పిల్లలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకడు ఇస్త్రీ పెట్టె అన్నాడు. ఇంకొకడు వాళ్ల చిన్నాయన ఇంటి మీద ఉన్న నీళ్ల ట్యాంకు అన్నాడు. ఆపా వాళ్లను ఏమీ అనలేదు. ఇంటర్వెల్‌లో చాయ్ గ్లాసు పట్టుకుని నా క్లాసు ముందుకు వచ్చి నిలబడింది.

"తమ్మీ, మన పోరగాండ్లకు ఓ అంటే ఓసీపీ ఎరుక. పొద్దుగాల లేస్తె గదే. ఓడ యాడికెళ్లి తెస్తం?"

"ఓపెన్ కాస్టును అక్షరమాలలో పెడతారా ఆపా?"

"ఎందుకు పెట్టరు? నువ్వు గీస్తె పెడ్తరు."

అంతే. నన్నెవరూ ఒప్పుకుంటావా అని అడగలేదు. సాయంత్రానికి బస్తీలో అందరికీ తెలిసిపోయింది, సారు అఆల పుస్తకం గీస్తున్నడు, మన ఊరి పుస్తకం అని.

గీయడమే అయితే నెల పని. కానీ ఆపా ఒక నియమం పెట్టింది. పిల్లలు తెచ్చి తరగతిలో పెట్టనిది, లేదా తరగతి అంతా వెళ్లి చూడనిది ఏదీ పుస్తకంలోకి రాకూడదు. "చూడనిది గీయొద్దు. ముట్టనిది రాయొద్దు. బస్," అనేది. నేను ఫోనులో ఫోటో చూసి టకటకా గీసేస్తానంటే ఒప్పుకునేది కాదు. ఈ నియమంతో నన్ను ఎంత సతాయించిందో చెప్తే మీరు నమ్మరు.

అ అంటే అవ్వ అని తేల్చారు. మరి అవ్వను తేవాలి కదా. ఒక పిల్ల తన అవ్వను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. నేను గీస్తుంటే అవ్వ మాటిమాటికీ లేచి వచ్చి కాగితం చూసేది. "నా ముక్కుపుల్ల ఏది సారూ? అది లేకుంటే నేనెవల్నని ఎరుకైతది?" ముక్కుపుల్ల పెట్టాను. తర్వాత చెవుల కమ్మలు కావాలంది. తర్వాత తన పక్కన మేకను గీయమంది. మేక మ దగ్గర వస్తుందని ఆపా నచ్చజెప్పబోతే, "మ దాకా నేనుంటనో ఉండనో" అని అవ్వ మొండికేసింది. చివరికి మేకను కూడా గీశాను. అవ్వ బొమ్మ అంత బాగా రావడానికి ఆ మేకే కారణమని ఆపా అనేది. అది నన్ను ఊరడించడానికి అన్న మాటో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఐ అంటే ఐసు. ఒకడు పుల్ల ఐసు కొని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బడికి తెచ్చాడు. ప్రార్థన అయ్యి, హాజరు అయ్యి, హాజరు ఫోటో ఫోనులో ఎక్కించేసరికి డబ్బాలో రంగునీళ్లు, ఒక పుల్ల మిగిలాయి. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆపా డబ్బాను బల్ల మీద పెట్టి, "ఐసు ఇట్లనే అయితది గదా బేటా. గీయి తమ్మీ, ఎట్లున్నదో గట్లనే," అంది. నేను పుల్లనూ, గులాబీ నీళ్లనూ గీశాను. ఇప్పటికీ మా పుస్తకంలో ఐ అంటే అదే.

ట కోసం ఒక పిల్లవాడు తండ్రి గని టోపీ తెచ్చాడు. దీపం తగిలించుకునే ఆ గట్టి టోపీ తెలుసు కదా. తండ్రికి అదే రోజు సెకండ్ షిఫ్టు. ఆయన గేటు దగ్గర బండి మీద కూర్చుని "సార్, జర జల్ది, టోపీ లేకుంటే లోపటికి రానియ్యరు" అని అరుస్తున్నాడు. ఆపా మాత్రం టోపీని ఒక్కో పిల్ల తల మీద పెట్టి, బరువెంతుందో అడిగి, లోపలి పట్టీ చూపించి, అందరి వంతూ అయ్యాకనే నాకు ఇచ్చింది. ఆ తండ్రికి డ్యూటీకి ఆలస్యమై ఉంటుంది. అయినా మర్నాడు ఆ బొమ్మ చూడటానికి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు.

ఆమె అలవాట్లలో నాకు బాగా గుర్తున్నది ఒకటి. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ మోగుతుంది, కాసేపటికి నేల అదురుతుంది. కొత్తలో నేను ఉలిక్కిపడేవాణ్ణి. ఆమె సైరన్ వినగానే "పెన్సిళ్లు ఎత్తుండ్రి" అనేది. పిల్లలంతా రాస్తున్న చేతులు పైకెత్తి కూర్చునేవాళ్లు. ధడేల్మని కిటికీలు మోగేవి, పైకప్పు నుంచి కాస్త సున్నం రాలేది. "ఆఁ, ఇగ రాయుండ్రి" అనేది. అదిరినప్పుడు రాస్తే అక్షరం గీత తప్పుతుందని ఆమె లెక్క. నేను మూడో తరగతిలో అదే పద్ధతి పెడదామనుకున్నాను. మా పిల్లలు ఒకటో తరగతి నుంచే అలవాటుపడి వచ్చారు కాబట్టి నేను పెట్టేదేమీ మిగల్లేదు.

ద అంటే దుబ్బ, అదే దుమ్ము, అని పెట్టినప్పుడు మాత్రం ఆమె నన్ను గీయనివ్వలేదు. పొద్దున్నే తెల్ల కాగితం ఒకటి కిటికీలో పరిచింది. నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. సాయంత్రానికి దాని మీద నల్లటి దుబ్బ పేరుకుంది. మా బస్తీలో దీనికి వింతేమీ లేదు, ఆరేసిన బట్టలకూ ఇదే గతి. ఒక పిల్లను పిలిచి వేలితో ద రాయమంది. అదే పేజీ. అది చెరిగిపోకుండా మందు కొట్టించడానికి నేను మంచిర్యాల దాకా వెళ్లి ఫోటోల దుకాణాల్లో అడుక్కున్నాను. ఒకాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "ఏంది సార్, దుబ్బకు వార్నిషా?" అన్నాడు. అవునయ్యా, దుబ్బకే వార్నిష్ అన్నాను. ఆ రోజు నాకు ఆపా మీద ఎంత చిరాకు వచ్చిందో. పేజీ ఆరిపోయి గట్టిపడ్డాక చూస్తే, నేను గీసిన బొమ్మలన్నిటికంటే అదే బాగుంది. ఆ చిరాకు ఇంకో రకంగా పెరిగింది.

ఇక గ దగ్గరికి వచ్చాం. వరసలో ముందే ఉన్నా చివరిదాకా తెగనిది ఇదే.

గ అంటే గుట్ట. పిల్లలే చెప్పారు, అందరూ ఒక్క గొంతుతో. గుట్టను తేలేరు కాబట్టి తరగతి అంతా బడి వెనక్కి వెళ్లింది. అక్కడి నుంచి కనబడేది ఏమిటంటే, గనిలో బొగ్గు మీద ఉన్న మట్టినీ రాళ్లనూ తీసి డంపర్లు తెచ్చి పోసిన పోత. ఏళ్ల తరబడి పోశారు. మెట్లు మెట్లుగా ఎత్తుగా పెరిగింది. పైన బల్ల పరుపు. రోజంతా డంపర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. పిల్లలు వెనక్కి వచ్చి పలకల మీద అదే గీశారు. ఒక్కరు కూడా కోసు గుట్ట గీయలేదు. అందరి గుట్టా పైన చదునుగా ఉంది, అందరి గుట్ట మీదా డంపర్ ఉంది.

నేను వాళ్లకు మంచి గుట్ట చూపిద్దామని బోర్డు మీద గీశాను. కోసుగా, పచ్చగా, రాళ్లతో, రెండు మూడు చెట్లతో. లాస్య అని ఒక పిల్ల ఉంది, వాళ్ల నాన్న డంపర్ డ్రైవరు. ఆ పిల్ల దగ్గరికి వచ్చి చూసింది.

"సార్, గిదేంది?"

"గుట్ట."

"మరి డంపర్ ఏది?"

"దీనికి డంపర్ ఉండదు బిడ్డా."

"మరి ఎవలు పోసిన్రు?"

ఎవరూ పోయలేదు, గుట్టలు వాటంతట అవే ఉంటాయి అన్నాను. తరగతి మొత్తం నవ్వింది. సారు జోక్ చేస్తున్నాడనుకున్నారు. నాకు ఒళ్లు మండింది. పిల్లల మీద కాదు, ఈ ఊరి మీద. గుట్ట అంటే మనుషులు పోసేది అనుకునే పిల్లలు ఇంకెక్కడైనా ఉంటారా? రామగుండం వైపు వెళ్తే ఏనాటివో రాతి గుట్టలు ఉన్నాయి. వీళ్లకు అవి కనబడవు, కనబడేది ఇదొక్కటే.

ఆపా మాత్రం నిమ్మళంగా ఉంది. "పిల్లలు తప్పు చెప్పిన్రంటే ముందు కిటికీలకెళ్లి చూడు. తర్వాత కోపం చెయ్యి," అంది. ఆ మాట ఆమె ఇదివరకూ అనేది, కానీ ఆ రోజు నాకు నచ్చలేదు.

"కిటికీలోంచి కనబడేదంతా నిజం కాదు ఆపా. ఇది గుట్ట కాదు, తవ్విపోసిన మట్టి. మనం అబద్ధం నేర్పుతున్నాం."

"అబద్ధం ఎట్లయితది? దాని మీద వాన పడ్తలేదా? మేకలు మేస్తలేవా? గీ పోరి వాళ్ల బాపు దాని మీదనే డ్యూటీ చేస్తడు. వాళ్ల గుట్ట అదే తమ్మీ. ముందుగాల వాళ్ల గుట్టకు గ రానియ్యి."

నేను నా గుట్ట గీసి పేజీ అంటించాను. మర్నాడు చూస్తే ఆ పేజీ లేదు. ఎవరు చింపారని అడగలేదు, తెలుసు. మళ్లీ గీశాను. మళ్లీ లేదు. మేమిద్దరం పెద్దవాళ్లమే, ఒక అక్షరం కోసం ఇలా దొంగ పోలీసు ఆట ఆడుకున్నాం. ఆ రోజుల్లో మేం చాయ్ కూడా కలిసి తాగలేదు.

ఇంతలో మండల విద్యాశాఖ ఆఫీసులో పుస్తకం సంగతి తెలిసింది. టీచర్ల సమావేశంలో చూపించమన్నారు. ఆపా పుస్తకాన్ని పాత చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. అక్కడి అధికారి పేజీలు తిప్పాడు. నిజంగానే సంబరపడ్డాడు. "మేడం, చాలా బాగుంది. మండలంలో అన్ని బడులకూ అచ్చు వేయిద్దాం," అన్నాడు. నా గుండె ఎగిరింది. ఆపా ముఖం కూడా వెలిగింది, నేను చూశాను. తర్వాత ఆయన పెన్ను తీశాడు.

ఓసీపీ బదులు ఓడ పెట్టండి, బయటివాళ్లకు అర్థం కాదు. ఐసు కరిగిపోయిన బొమ్మ బాగాలేదు, మంచి ఐసు గీయండి. ద పేజీ మురికిగా ఉంది, తెల్లగా చేయించండి. ఆపా అప్పటిదాకా తలూపుతూ వింది. ద దగ్గర మాత్రం, "సార్, గా కాగితం కడిగితే అక్షరం పోతది" అంది. ఆయన నవ్వాడు. తర్వాత పేజీల మధ్య ఖాళీగా ఉన్న గ చూసి, ఇక్కడ ఏం వస్తుందని అడిగాడు. పిల్లల పలకబొమ్మలు చూసి తాను వేసిన బొమ్మను ఆపా తన సంచిలోంచి తీసింది, చదునైన గుట్ట, మీద డంపర్. "ఇది వద్దు మేడం. పచ్చటి గుట్ట పెట్టండి. పిల్లల పుస్తకం కదా, ఆహ్లాదంగా ఉండాలి. నెలాఖరులోగా ఇస్తే అచ్చుకు పంపుతా. దాటితే ఈ ఏడు కుదరదు," అన్నాడు.

వచ్చే ఏడు అంటే ఈ పిల్లలు రెండో తరగతికి వెళ్లిపోతారు. వాళ్లు తెచ్చిన వస్తువుల పుస్తకం వాళ్ల చేతుల్లోకి రాదు. నాకు తొందర అందుకే. తిరుగు ఆటోలో ఆపా అడిగింది.

"నువ్వు ఆయన దిక్కేనా తమ్మీ?"

"ఓసీపీ దగ్గర కాదు, దుబ్బ దగ్గర కాదు. గుట్ట దగ్గర మాత్రం ఆయన చెప్పింది సరైందే."

తన చౌరస్తాలో దిగేటప్పుడు రోజూ "పైలంగ పో" అని జాగ్రత్త చెప్పేది. ఆ రోజు అనలేదు.

మర్నాడు పొద్దున్న నా క్లాసు గుమ్మంలో నిలబడింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు. "ఒక పని చేద్దాం. శనివారం పిల్లలను నీ గుట్టకు తీస్కపోదాం. రామగుండం దిక్కున్నదాని మీదికి. ఎక్కుతరు, ముడ్తరు. తర్వాత ఏది పెట్టాల్నో వాళ్లే చెప్తరు. నువ్వు గీసుడు, నేను నోరు మూసుకునుడు," అంది. నియమం ప్రకారం న్యాయమైన మాటే. సరే అన్నాను. "నా మోకాళ్లు ఎక్కుతయో ఎక్కయో, నువ్వు జర గుంజాలె," అని నవ్వింది. మా ఇద్దరి మధ్య మంచి మాట అదే చివరిది. శనివారం రాకుండానే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు.

జనాజాకు బస్తీ మొత్తం వచ్చింది. నైట్ షిఫ్టు దిగినవాళ్లు బూట్లతోనే వచ్చారు. ముక్కుపుల్ల అవ్వ గల్లీ మొగలో కూర్చుని ఏడుస్తోంది. ఒకటో తరగతి పిల్లలు యూనిఫారంలో గోడ పక్కన నిలబడ్డారు, ఎవరు నిలబెట్టారో తెలియదు. కబ్రస్తాన్‌లో అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. ఆమె తమ్ముడు చేతులతోనే ఆ మట్టిని సర్దుతూ ఉండిపోయాడు. షెడ్డులో నూనెతో నల్లబడిన చేతులు. ఎంత చెప్పినా లేవలేదు.

ఇంకో సంగతి రాయకపోతే నా కడుపు మంట చల్లారదు. ఆ తర్వాత అధికారి ఫోన్ చేశాడు. మంచి మాటలే మాట్లాడాడు, బాధపడ్డాడు. "మేడం జ్ఞాపకంగా అచ్చు వేద్దాం సార్, మొదటి పేజీలో ఆమె ఫోటో పెడదాం. ఆ మార్పులు మాత్రం చేసి పంపండి. పచ్చ గుట్ట ఎటూ మీకు ఇష్టమేనట కదా," అన్నాడు. ఆ మాట ఆయనకు ఎవరు మోశారో. ఆమె ఫోటో పెట్టి, ఆమె పుస్తకాన్ని తీసేసి, దానికి జ్ఞాపకం అని పేరు! నాకు నోటికొచ్చిందల్లా అనాలనిపించింది. అయినా చూస్తాను సార్ అన్నాను. మళ్లీ కోపం వెళ్లి ఆపా మీదే పడింది. నీ గుట్టా నా గుట్టా అని నన్ను ఇలా మధ్యలో వదిలేసి పోతే నేను ఎవరితో కొట్లాడాలి? గెలిచినా ఓడినా ఎదురుగా మనిషి ఉండాలి కదా.

నెలాఖరుకు పుస్తకం పంపాను. ఓసీపీ అలాగే ఉంది, కరిగిన ఐసు అలాగే ఉంది, దుబ్బ అలాగే ఉంది. గ పేజీలో డంపర్ ఉంది. జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు. పంపే ముందు మా జిరాక్స్ దుకాణంలో ప్రతి పేజీకీ నకళ్లు తీయించి, పిల్లల తల్లులతో కూర్చుని సూదీ దారంతో కుట్టాం. ఒకటో తరగతిలో ప్రతి పిల్ల చేతికీ ఒక పుస్తకం వచ్చింది. నలుపు తెలుపే, అవ్వ ముక్కుపుల్ల సరిగా రాలేదని అవ్వ నాతో తగువు పెట్టుకుంది.

పోసిన మట్టి గుట్ట కాదని నేను ఇప్పటికీ అంటాను. ఆపా వచ్చి ఎదురుగా నిలబడినా అదే అంటాను. అయినా ఆ పేజీ అలా ఎందుకు గీశానో చెప్పాలంటే శనివారం గురించి చెప్పాలి.

ఆపా లేకపోయినా మాట మాటే కదా. ఆమె తమ్ముడే రెండు ఆటోలు మాట్లాడి పంపించాడు. పిల్లలను ఎక్కించుకుని రామగుండం వైపు రాతి గుట్ట దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్కారు. రాళ్లను ముట్టారు, రాయితో రాయిని కొట్టి చూశారు. ఒకడు నాలికతో కూడా రుచి చూశాడు. సగం ఎక్కాక లాస్య నా చొక్కా లాగింది.

"సార్, ఇది నిజంగనే ఎవలు పొయ్యలేదా?"

"పొయ్యలేదు. ముందు నుంచీ ఉంది."

"డంపర్లు రాకముందు నుంచా?"

"అవును."

"ఆపా పుట్టకముందు నుంచా?"

అవునన్నాను. ఆ పిల్ల కాసేపు ఆ రాతి మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. నమ్మిందనే అనుకున్నాను. గెలిచాననుకున్నాను. ఆ గెలుపు చెప్పుకోవడానికి వెనక్కి తిరిగితే అక్కడ ఎవరూ లేరు.

పైకి చేరాక పిల్లలు నా గుట్టను ఒక్క నిమిషమైనా చూడలేదు. అందరూ అటువైపు తిరిగి నిలబడ్డారు. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, వాటికి ఆవల గోదావరి, ఇవతల మా బస్తీ, దాని వెనక పొడుగ్గా, చదునుగా, బూడిదరంగులో ఆ పోత. "అగో మన గుట్ట!" అని ఒకడు కేకపెట్టాడు. అందరూ అరవడం మొదలుపెట్టారు. గుట్ట అంచున చీమంత డంపర్ ఒకటి కదులుతోంది.

"బాపూ!" అని అరిచింది లాస్య, చెయ్యి ఊపుతూ. అది వాళ్ల నాన్న బండో ఇంకెవరి బండో చెప్పడం ఎవరి తరమూ కాదు. మిగతా పిల్లలు కూడా చేతులు ఊపారు. "కనబడతమా సార్?" అని అడిగారు. నేను సంచిలోంచి కాగితం తీసి, రాయి మీద కూర్చుని ముందు డంపర్ గీశాను. అవతల ఆ డంపర్ అంచు దాకా వచ్చి ఆగింది, వెనక తొట్టి పైకి లేచింది, మట్టి జారింది, ఎర్రటి దుబ్బ లేచి గుట్ట అంచును కప్పేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొందరికి చేతులు నొప్పి పుట్టి కూర్చున్నారు. డంపర్ వెనక్కి తిరిగి గనిలోకి దిగిపోయింది. అది మళ్లీ మట్టి నింపుకుని పైకి వచ్చేదాకా లాస్య చెయ్యి దించలేదు.